ఆ తెల్ల కత్తికి అర్థమేంటి, మా జాడీ పింగాణీ కాదా?

పింగాణీ గురించి ఏమైనా అడగండి అని పోయిన సంచికలో ఒక్క లైను రాశాను, అంతే. కప్పుల మీద టీ మరకలు ఎలా పోతాయి అని అడుగుతారేమో అనుకున్నాను, ఉత్తరాలు మాత్రం వేరే దారిలో వచ్చాయి. మొదటి ఉత్తరమే ఎక్కువ చోటు తినేసింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు): మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు ఒక మ్యూజియంకి తీసుకెళ్ళాడండి. జపాన్ వాళ్ళ గదిలో పొడుగ్గా, లేత నీలం కలిసిన తెల్లటి వస్తువు ఒకటి ఉంది. కత్తి అందామంటే కత్తి కాదు, పక్షి రెక్క అందామంటే అదీ కాదు. కింద చీటీలో సుయెహారు ఫుకామి, పింగాణీ, సేహకుజి పూత అని ఉందని మావాడు చదివి చెప్పాడు. ఎందుకో తెలియదు గానీ పది నిమిషాలు అక్కడే నిలబడిపోయాను. ఇంతకీ అది దేని బొమ్మ? దాని అర్థమేంటి?

జవాబు: అమ్మా, పది నిమిషాలు నిలబడ్డారంటే సగం పని అయిపోయినట్టే. అర్థం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ చీటీ సంగతి. మ్యూజియంలో అందరూ పేరు, సంవత్సరం చూసి కదిలిపోతారు, దేనితో చేశారో చిన్న అక్షరాల్లో రాసిన లైను ఎవరికీ పట్టదు. నన్నడిగితే ఇలాంటి నైరూప్య శిల్పం దగ్గర మొట్టమొదట చదవాల్సింది ఆ లైనే. మీవాడు చదివి వినిపించాడు కాబట్టి వాడికి నా తరఫున ఒక కాఫీ ఇవ్వండి.

ఫుకామి గారు 1947లో క్యోటోలో పుట్టారు. కప్పు, గిన్నె, కూజా అని పేరు పెట్టలేని ఆకారాలకే ఆయనకి పేరొచ్చింది. 1985లో ఇటలీలో, ఫాయెంజా ఊళ్ళో జరిగే అంతర్జాతీయ సిరామిక్ పోటీలో పెద్ద బహుమతి ఆయనదే. శిల్పాలకి పెట్టే పేర్లు చాలావరకు ఆకాశం, సముద్రం, గాలి చుట్టూ తిరుగుతుంటాయి. కాబట్టి మీకు రెక్క గుర్తొస్తే తప్పేం లేదు, కత్తి గుర్తొచ్చినా తప్పు లేదు.

ఇప్పుడు పదార్థం. పింగాణీలో ఉండేవి ముఖ్యంగా మూడు. కయోలిన్ అనే తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్ అనే రాయి, పలుగురాయి పొడి. ఈ మూడింటినీ దాదాపు 1300 డిగ్రీల దాకా కాలిస్తే ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారుతుంది, మట్టిలోంచి కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఆ గాజుని లోపల్నించి పట్టి ఉంచుతాయి. అందుకే పింగాణీ అటు పూర్తిగా మట్టీ కాదు, ఇటు పూర్తిగా గాజూ కాదు. బాగా పలచగా చేస్తే అవతలి వెలుగు ఇవతలికి కనిపిస్తుంది, గోటితో కొడితే ఖంగుమంటుంది. అన్నట్టు ఇంగ్లీషువాళ్ళు పోర్సలీన్ అనే మాట ఇటలీ నుంచి తెచ్చుకున్నారు, అక్కడ పోర్చెల్లానా అంటే గవ్వ. మన పిల్లలు ఆడుకునే గవ్వే. ఆ నునుపు చూసి పెట్టిన పేరు.

సేహకుజి అంటే జపాన్ భాషలో నీలి తెలుపు పింగాణీ. ఈ రంగు ఆయన కనిపెట్టింది కాదు, దాదాపు వెయ్యేళ్ళ కిందట చైనాలో సాంగ్ రాజుల కాలంలో జింగ్‌దెజెన్ ఊరి బట్టీల్లో చేసిన చింగ్‌బాయ్ పాత్రల రంగు. మీరు ఆశ్చర్యపోతారు, ఆ నీలం వెనక నీలం రంగే లేదు. ఉన్నది ఇనుము, అదీ పైన వేసే గాజులాంటి పూతలో ఒక శాతం అటూ ఇటూ. బట్టీలోకి గాలి తగ్గించి కాలిస్తే మంటకి ఆక్సిజన్ చాలదు, చాలక ఇనుము దగ్గరున్నది లాక్కుంటుంది, అప్పుడు ఆ ఇనుమే లేత నీలంగా కనిపిస్తుంది. అదే పూతని గాలి బాగా తగిలేలా కాలిస్తే మీగడ రంగులోకి తిరుగుతుంది. మన ఊళ్ళో కుమ్మరి ఆముని మట్టీ ఆకులూ వేసి మూసేసి పొగ పట్టిస్తే ఎర్రగా రావాల్సిన కుండ నల్లగా వస్తుంది చూశారా, అక్కడ పొగ మసి కూడా కలుస్తుందనుకోండి, కానీ గాలి ఆపి రంగు మార్చే కిటుకు రెండుచోట్లా ఒకటే.

ఇక అసలు చూడాల్సింది అంచు. మీవాడు ఫోన్లో ఫోటో తీసి ఉంటే పెద్దది చేసి చూడండి. కాలేటప్పుడు పూత కరిగి తేనెలా కదులుతుంది, అంచు దగ్గర నిలవలేక పలచబడుతుంది, అందుకని అంచు తెల్లగా ఉంటుంది, వంపు లోతుగా ఉన్నచోట పూత చేరి నీలం చిక్కబడుతుంది. అంటే ఆ శిల్పంలో గీత గీసినవాడు ఎవరూ లేరు, రంగు వేసినవాడూ లేడు, వంపు ఎంత ఉంటే నీలం అంత. అందుకే ఒకే ఒక్క పూత, ఒక్క చుక్క అలంకారం లేకుండా. నాకైతే దాని అర్థం అక్కడే దొరికింది. దానికి ఉన్నది ఆకారమొక్కటే, లోపం దాచుకోవడానికి ఇంకేం లేదు, వంపులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పూత పట్టిచ్చేస్తుంది.

దేని బొమ్మ అని అడిగారు కదా. ఇంట్లో సాలగ్రామం ఉంటే దాని ముందు కూర్చున్నప్పుడు ఇది ఎవరి ముఖం అని మనం అడగం. ఏటి ఒడ్డున నున్నటి గుండ్రాయి తెచ్చి టీవీ పక్కన పెట్టుకునేవాళ్ళూ అడగరు. మ్యూజియంలో గాజు పెట్టె పెట్టగానే మాత్రం పరీక్ష రాస్తున్నట్టు టెన్షన్ పడతాం. మీరు పడలేదు, నిలబడి చూశారు.

ప్రశ్న (హనుమకొండ): మా బాబాయి వాళ్ళు వినాయకుడి బొమ్మలు పోస్తారు. ఈ జపాన్ పెద్దాయన కూడా అచ్చులోనే పోస్తారని విన్నాను. అచ్చులో పోసినదానికి మ్యూజియం ఎందుకండీ? చేత్తో చేస్తే కదా కళ.

జవాబు: తమ్ముడూ, అచ్చు నిజమే. కానీ మీ బాబాయి గారి దగ్గర ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ అవుతుంది, ఇక్కడ ప్లాస్టర్ అచ్చు అవుతుంది. పింగాణీ మట్టిని నీళ్ళలో కలిపి, సోడియం సిలికేట్ అనే రసాయనం కొద్దిగా వేస్తే తక్కువ నీళ్ళతోనే మజ్జిగలా జారుతుంది. దాన్ని ప్లాస్టర్ అచ్చులో పోస్తే ప్లాస్టర్ నీళ్ళు పీల్చుకుని గోడ వెంబడి మట్టి పేరుకుంటుంది. కప్పులూ సింకులూ ఇలాగే చేస్తారు. అయితే కత్తి అంచులాంటి సన్నటి మూలల్లోకి ఆ మట్టినీళ్ళు మామూలుగా పోస్తే సరిగ్గా పోవు, గాలి బుడగ మిగిలిపోతుంది, గోడ వదులుగా వస్తుంది. ఫుకామి గారు గాలి ఒత్తిడితో మట్టిని అచ్చులోకి ఎక్కించే పద్ధతి పట్టుకున్నారు. ఫ్యాక్టరీల్లో వాడే పద్ధతిని శిల్పానికి తెచ్చుకున్నారన్నమాట. అచ్చులోంచి తీశాక పని అయిపోలేదు, ఎండాక గట్టి టంగ్‌స్టన్ కార్బైడ్ పనిముట్లతో చేత్తో చెక్కి, నున్నగా గీకి, అప్పుడు పూత వేస్తారు.

తర్వాత బట్టీ ఉంది, అక్కడ నీ చేయీ పనిచేయదు, నా చేయీ పనిచేయదు. పింగాణీ ఎండి, కాలి బయటికొచ్చేసరికి 12 నుంచి 15 శాతం కుంచించుకుపోతుంది. మీటరు పొడుగు పోస్తే చేతికొచ్చేది 85, 88 సెంటీమీటర్ల మధ్య. అంత పెద్దది బట్టీలో తన బరువు తానే ఈడ్చుకుంటూ చిన్నదవ్వాలి, పైగా ఆ వేడిలో మట్టి మెత్తబడి ఉంటుంది, ఎక్కడ ఆసరా తగ్గితే అక్కడ వాలిపోతుంది. అందుకే పొడవాటి పింగాణీని అదే మట్టితో చేసిన పలక మీద పెట్టి కాలుస్తుంటారు, కింద పలకా పైన బొమ్మా కలిసి కుంచించుకుంటాయి, రాపిడి ఉండదు. తిన్నని అంచుతో బయటికి వచ్చిన ముక్క వెనక వంకరపోయిన ముక్కలు ఎన్ని ఉంటాయో బట్టీ పెట్టినవాళ్ళని అడుగు. చేత్తో చేస్తేనే కళ అంటే నేను ఒప్పుకోను. చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో తెలియాలి అంటే ఒప్పుకుంటాను.

ప్రశ్న (గూడూరు దగ్గర నుంచి, డిగ్రీ విద్యార్థి): మా వైపు క్వారీల నుంచి తెల్లరాయి లారీల్లో పోతూ ఉంటుంది. పింగాణీకే పోతుందని మా మామయ్య అంటాడు. నిజమా? మరి మన దగ్గర పింగాణీ శిల్పాలు ఎందుకు లేవు?

జవాబు: మీ మామయ్య చెప్పింది చాలావరకు నిజం. గూడూరు అంటే అందరికీ అభ్రకమే గుర్తొస్తుంది కానీ నెల్లూరు జిల్లాలో, తెలంగాణలో మహబూబ్‌నగర్ వైపు, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి బాగా దొరుకుతాయి. ఎక్కువ భాగం టైల్సుకి, గాజుకి, బాత్‌రూం సామాన్లకి పోతుంది. రేపు నువ్వు నడిచే ఫ్లోరింగ్ టైల్లో మీ ఊరి రాయి ఉండొచ్చు. పశ్చిమ గోదావరి వైపు ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే అనే జిగురు మట్టి కూడా ఉంది, సిరామిక్స్‌లో దానికి మంచి గిరాకీ.

స్టూడియోల్లో పింగాణీకి చెప్పుకునే పాత లెక్క కయోలిన్ 50 పాళ్ళు, ఫెల్డ్‌స్పార్ 25, పలుగురాయి 25. చైనా వాళ్ళు ఇంకా ముచ్చటగా చెప్పారు, కయోలిన్ ఎముక అయితే రాయి కండ అని. వాళ్ళు రాయిని దంచి, నీళ్ళలో తేర్చి, తెల్లటి ఇటుకల్లా చేసి అమ్మేవాళ్ళు. కయోలిన్ అనే పేరే జింగ్‌దెజెన్ పక్కనున్న గావ్‌లింగ్ కొండ పేరు. యూరప్ వాళ్ళకి ఈ రహస్యం చాలా కాలం అంతుపట్టలేదు. జర్మనీలో సాక్సనీని ఏలే రాజు బంగారం చేసిపెట్టమని బ్యోట్గర్ అనే కుర్రవాణ్ణి నిర్బంధించి కూర్చోబెడితే, చిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి 1708లో అతను చేసింది బంగారం కాదు, పింగాణీ. 1710లో మైసెన్‌లో కార్ఖానా పెట్టారు. రాజుకి నష్టమేం రాలేదు, ఆ రోజుల్లో పింగాణీని తెల్ల బంగారమే అనేవారు.

ఇక రెండో ప్రశ్న. మట్టిపని మన దగ్గర లేక కాదు, పింగాణీకి కావలసిన వేడి లేక. కుమ్మరి ఆము వెయ్యి డిగ్రీలు దాటడమే కష్టం, కుండకి అది చాలు, అంతకుమించి వేడి చేస్తే మన ఎర్రమట్టి కరిగి కూలిపోతుంది కూడా. 1280, 1300 డిగ్రీలు కావాలంటే గ్యాసు బట్టీయో మంచి కరెంటు బట్టీయో ఉండాలి, అది ఖర్చు. మన పక్కనే పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టాక దేశంలో ఎంతోమంది అక్కడ ఎక్కువ వేడి మీద కాల్చే పని నేర్చుకున్నారు, వాళ్ళది ఎక్కువగా స్టోన్‌వేర్, అంటే రాయిలా గట్టిపడేదాకా కాల్చిన మట్టి, పింగాణీ అంత తెల్లగా ఉండదు. 2018లో జైపూర్‌లో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రైనియాల్ అనే పెద్ద ప్రదర్శన జరిగింది, మట్టిని శిల్పంగా చూసే పని ఇక్కడా ఊపందుకుంది. నీకు ఆసక్తి ఉంటే సెలవుల్లో పుదుచ్చేరి ఒకసారి వెళ్ళిరా, గూడూరు నుంచి ఒక్క రాత్రి ప్రయాణం.

ప్రశ్న (హైదరాబాద్): నేను వీకెండ్ క్లాసులో పింగాణీ మట్టితో ఒక పలచటి అల లాంటి శిల్పం చేశాను మేడమ్. చేసేటప్పుడు ఒకవైపు వంగితే సరిచేశాను. కాల్చాక మళ్ళీ అటే వంగింది, మధ్యలో పగులు కూడా వచ్చింది. టీచర్ గారు బట్టీదే తప్పు అంటున్నారు.

జవాబు: వంపు బట్టీ తప్పు కాకపోవచ్చు. పింగాణీకి జ్ఞాపకశక్తి ఎక్కువ, అత్తగారి కంటే ఎక్కువ. కయోలిన్ రేణువులు చిన్న చిన్న పలకల్లా ఉంటాయి, మట్టిని ఒకసారి వంచితే ఆ పలకలు అటే సర్దుకుంటాయి, మీరు పైకి సరిచేసినా లోపల అవి అలాగే ఉంటాయి, వేడికి మట్టి మెత్తబడగానే పాత చోటికి పోతాయి. నేను మొదటిసారి చేసిన పలకని ఒక మూల పట్టుకుని ఎత్తాను, వెంటనే బల్ల మీద పెట్టి చదును చేశాను. ఎండినా చదునే, పూత వేయకముందు కాల్చే బిస్కెట్ కాల్పులోనూ చదునే. చివరి కాల్పులోంచి మాత్రం ఆ మూల వేయించిన అప్పడంలా లేచి వచ్చింది. మూల పట్టి ఎత్తకండి, గుడ్డ మీదో చెక్క మీదో పెట్టి మొత్తంగా ఎత్తండి. వంగిందంటే వంగిన వైపుకి కాకుండా అవతలి వైపుకి కాస్త ఎక్కువ వంచి, అప్పుడు మధ్యకి తెచ్చి చూడండి, కొంత పనిచేస్తుంది. లేదా అలని అలాగే వంగనివ్వండి, అల కదా.

పగులు సంగతి మీరే తేల్చుకోవచ్చు. పగులు అంచు మీద వేలితో నిమిరి చూడండి. పూత ఆ అంచు మీదుగా జారి గుండ్రంగా ఉంటే పగులు పూత కరగకముందే ఉంది, ఎక్కువ శాతం ఎండేటప్పుడే మొదలై ఉంటుంది, పలచటి చోటు ముందే ఎండిపోయి మందంగా ఉన్న చోటుని లాగేసిందన్నమాట. ప్లాస్టిక్ కవరు కప్పి నెమ్మదిగా ఆరబెడితే తగ్గుతుంది. అంచు గాజు పెంకులా కోసేటట్టు పదునుగా ఉంటే మాత్రం చల్లారేటప్పుడు వచ్చింది, అప్పుడు మీ టీచర్ గారి మాట నిజం, బట్టీ తలుపు తొందరపడి తెరిచి ఉంటారు. పలుగురాయి 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది, ఆ మలుపు దగ్గర చల్లగాలి తగిలితే ఊరుకోదు.

మట్టి ఎండాక గీకేటప్పుడు మాస్క్ మర్చిపోకండి. మామూలు గుడ్డ మాస్క్ కాదు, దుమ్ముని ఆపేది. బల్ల చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న (లండన్): పైన చెప్పిన దుమ్ము అంత ప్రమాదమా? పోర్సలీన్ పొద్దుతిరుగుడు గింజల మీద జనాన్ని నడవనివ్వలేదని విన్నాను, అప్పుడు నేనింకా ఇక్కడికి రాలేదు.

జవాబు: మీ ఉత్తరం పై జవాబు రాయకముందే వచ్చింది, ప్రశ్నని కాస్త మార్చాను, క్షమించండి. అది చైనా కళాకారుడు అయ్ వేవే చేసిన పని, 2010 అక్టోబరులో మీ లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాల్లో. చైనాలో మళ్ళీ ఆ జింగ్‌దెజెన్‌లోనే, దాదాపు 1,600 మంది చేత్తో చేసి, రంగు వేసిన 10 కోట్ల పింగాణీ గింజలు, బరువు 150 టన్నులు. మొదట్లో జనం వాటి మీద నడిచారు, కూర్చున్నారు, పిల్లలు దొర్లారు. నాలుగు రోజులు కూడా కాకముందే ఆపేశారు, గింజలు ఒకదానికొకటి రాసుకుని లేచే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదని. ఒకటి రెండు రోజులు వచ్చి నడిచేవాళ్ళ కన్నా రోజూ అక్కడే పనిచేసేవాళ్ళకి ముప్పు. పలుగురాయిలో ఉండే సిలికా దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చితే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, క్వారీల్లో, బట్టీల్లో పనిచేసేవాళ్ళకి ఇది కొత్త మాట కాదు. ఇంట్లో అలమరాలో ఉన్న పింగాణీ కప్పు వల్ల ఎవరికీ ఏమీ కాదు, రుబ్బితేనే, గీకితేనే.

ప్రశ్న (తణుకు): బోన్ చైనాలో నిజంగా ఎముకలుంటాయా? మా ఇంట్లో శాకాహారం.

జవాబు: ఉంటాయండి, బూడిద రూపంలో. దాదాపు సగం. ఎక్కువగా పశువుల ఎముకలే. ఇంగ్లండులో జోసయ్యా స్పోడ్ 1790లలో కుదిర్చిన పాళ్ళు ఇప్పటికీ అటూ ఇటూగా అవే. మామూలు పింగాణీలో ఎముక ఉండదు, అది మట్టీ రాయీ మాత్రమే. కప్పు తిరగేస్తే అడుగున సాధారణంగా రాసి ఉంటుంది, కొనేముందు చూసుకోండి. ఇప్పటికే కొనేశారంటే మీ ఇష్టం, నేను మధ్యలో రాను.

ప్రశ్న (కాకినాడ): మా అమ్మమ్మ నాటి పింగాణీ జాడీ ఉంది, పైన గోధుమరంగు, కింద తెలుపు. ఆవకాయ పెట్టేది అందులోనే. అది పింగాణీ కాదని ఒకాయన వాదిస్తున్నాడు.

జవాబు: వాదన ఆయనే గెలిచాడు, కానీ మీరు ఓడిపోలేదు. ఆ జాడీలు స్టోన్‌వేర్, వాడుకలో అన్నింటినీ పింగాణీ అనేస్తాం. తిరగేసి అడుగున పూత లేని చోటు చూడండి, తెల్లగా కాకుండా బూడిదరంగులోనో లేత గోధుమరంగులోనో ఉంటుంది. మందం ఎక్కువ, ఫోను టార్చి వేసినా వెలుగు అవతలికి రాదు. కానీ నీళ్ళు పీల్చదు, ఉప్పూ పులుపూ ఆ పూతని ఏమీ చేయవు, కాబట్టి ఆవకాయకి పింగాణీతో సమానం. పూత లేచిపోయిందా, పెచ్చు ఊడిందా లోపల చూసుకోండి, బాగుంటే ఈ ఏడు కూడా అందులోనే పెట్టండి. మూత అంచు దగ్గర పగులుంటే మాత్రం గుడ్డ రెండు మడతలు వేసి కట్టండి.